విప్పి బిగించగలిగే సామాను

జంషెడ్‌పూర్ టెల్కో కాలనీలో ఫర్నిచర్ గురించి గట్టిగా ఆలోచించేది రెండుసార్లు. క్వార్టర్ చేతికొచ్చినప్పుడు ఒకసారి, రిటైరై దాన్ని ఖాళీ చేసేటప్పుడు ఇంకోసారి. నడుమ ప్రమోషన్ వచ్చి పెద్ద క్వార్టర్‌కి మారితే మూడోసారి. ఇల్లు కంపెనీది, సామాను మనది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. అయినా షాపులో అడుగుపెట్టగానే మెరుపూ ధరా చూస్తాం. విప్పి, లారీ ఎక్కించి, ఇంకో ఊళ్లో మళ్లీ బిగిస్తే నిలబడుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. పాతది కొనాలా కొత్తది కొనాలా అని తేల్చుకునే ముందు అడగాల్సింది ఇదే.

వయసు సంగతి చూద్దాం. చెక్క కాస్త నల్లబడితే చాలు, అమ్మేవాడు యాంటిక్ అనేస్తాడు. 1972 నాటి మన పురావస్తు చట్టం ఆ మాటకు పెట్టిన గీటు 100 ఏళ్లు. అంతర్జాతీయ కస్టమ్స్ పట్టికలోనూ అదే గీటు. వింటేజ్‌కి ఇలాంటి చట్టపు లెక్క ఏదీ లేదు. కొన్ని దశాబ్దాలు దాటి, తన కాలపు పోకడ ఇట్టే తెలిసిపోయే వస్తువుని వ్యాపారులు అలా పిలుస్తారు. ఇక టెల్కో కంపెనీ పుట్టింది 1945లో. రైలింజన్లతో మొదలై, 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేయి కలిపి లారీల్లోకి దిగింది. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్‌గా మారినా కాలనీ మాత్రం టెల్కోగానే ఉండిపోయింది. కాబట్టి ఈ కాలనీ కోసం చేసిన కుర్చీ ఏదీ ఇంకా యాంటిక్ కాలేదు. ఇక్కడి ఇంట్లో నూరేళ్ల వస్తువు ఉందంటే, అది ఊరి నుంచి తెచ్చుకున్న భోషాణమో, అమ్మమ్మగారి పందిరిమంచమో అయ్యుండాలి.

వింటేజ్‌కి మాత్రం ఇలాంటి ఊళ్లలో కొదవుండదు. చేతులు వెడల్పుగా ఉండే టేకు కుర్చీలు, పేము అల్లిన సోఫాలు, గుడ్డ తగిలించే పడక కుర్చీలు రిటైరయ్యేవాళ్ల ఇళ్లలోంచి బయటికొస్తుంటాయి. చవగ్గా పోతాయి కూడా. చండీగఢ్ కథ గుర్తుందా? ఆ నగరపు ఆఫీసుల కోసం 1950లలో పియెర్ జానెరె రూపకల్పన చేసిన టేకు-పేము కుర్చీలు తర్వాత తుక్కు కింద అమ్ముడయ్యాయి. విదేశీ వేలంపాటల్లో అవే లక్షల రూపాయలు పలికాయి. మీ పక్కింటి కుర్చీ అంత పలకదు లెండి. కానీ చెక్క నాణ్యతలో మాత్రం దానికి తీసిపోకపోవచ్చు.

ఇక విప్పడం, బిగించడం. మన పట్టెమంచంలో ఉండేది నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. పట్టె కొస కోడు బెజ్జంలోకి దిగుతుంది, పైన నవారు బిగిస్తారు. మేకు అక్కర్లేదు. పందిరిమంచం ఎంత భారీగా కనిపించినా ఇదే పద్ధతి. కట్టలు కట్టి ఎడ్లబండి ఎక్కించవచ్చు. ముక్కలుగా వచ్చి ఇంట్లో బిగించుకునే ఫర్నిచర్ అనగానే 2018లో హైదరాబాద్‌లో తెరిచిన ఐకియా గుర్తొస్తుంది. కానీ అది పాత ఆలోచనే. వియన్నాలో మైకేల్ థోనెట్ 1859లో తెచ్చిన పద్నాలుగో నంబరు కుర్చీ ఆరు చెక్క ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విప్పిన కుర్చీలు 36 ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. ఇరానీ హోటళ్లలో వంపు వీపు కుర్చీ చూసినవాళ్లకు ఆ వంశం తెలుసు.

ఇప్పటి చవక కొత్త సామాను దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. పార్టికల్ బోర్డు అంటే చెక్క తురుమును జిగురుతో కలిపి నొక్కిన పలక. మొదటిసారి బిగించినప్పుడు స్క్రూ బాగానే పట్టుకుంటుంది. విప్పి మళ్లీ అదే కన్నంలో తిప్పితే పొడి రాలుతుంది. నేల తడిసి కాళ్ల దగ్గర నీళ్లు తగిలాయా, అంచులు ఉబ్బుతాయి. ఉబ్బింది మళ్లీ దిగదు. రెండేళ్లు అద్దె ఇంట్లో ఉండే కుర్రాడికి అది చాలు, తప్పు పట్టక్కర్లేదు. మూడు బదిలీలు చూడాల్సిన కుటుంబానికి చాలదు.

జంషెడ్‌పూర్ వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటి వడగాలి కొడుతుంది. జూలై రాగానే గాలి నిండా తేమ. చెక్క ఆ తేమ పీల్చి వెడల్పులో పెరుగుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. పొడవులో దాదాపు మారదు. పాతకాలపు వడ్రంగికి ఇది తెలుసు గనక బీరువా తలుపు పలకని చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టేవాడు, జిగురు పెట్టేవాడు కాదు. పాత తలుపు పలకని వేలితో నొక్కితే కొంచెం కదులుతుంది. అమ్మేవాడు సిగ్గుపడి మేకు కొట్టిస్తానంటే వద్దనండి. కొడితే వచ్చే ఎండాకాలానికి పలక నిలువునా చీలుతుంది.

పాత వస్తువు కొనేటప్పుడు ముందు తిరగేసి చూడండి. ముఖం అందరూ తుడుస్తారు, అడుగు ఎవరూ తుడవరు. సన్నటి కన్నాలుంటే కింద కాగితం పరిచి రెండు రోజులు వదిలేయమనండి. కాగితం మీద పిండిలాంటి పొడి పడితే పుచ్చు ఇంకా లోపల తింటోందన్నమాట. పడకపోతే బహుశా పాత గాయమే. కాళ్ల చివర స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మెత్తగా దిగితే చెదలు. చేవ ఉన్న టేకు అంత తేలిగ్గా లొంగదు, చుట్టూ ఉండే తెల్లచెక్క లొంగుతుంది. సొరుగు లాగి మూల చూడండి. రెండు చేతుల వేళ్లు పెనవేసినట్టు చెక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే చేసినవాడు పనిమంతుడు. వెనక పలక ప్లైవుడ్‌దై, స్క్రూల తల మీద ప్లస్ గుర్తుంటే ‘బ్రిటిషువాళ్ల కాలం నాటిది’ అన్న కబురు నమ్మకండి. అవి తర్వాత మార్చినవైనా కావాలి, కథైనా కావాలి.

పాలిష్ పరీక్ష ఇంకోటి. కనిపించని చోట దూదితో కాస్త స్పిరిట్ అద్దండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. ఏమీ కాకపోతే ఈ మధ్య కొట్టించిన మెలమైన్, పీయూ లాంటి కొత్త పాలిష్ అయ్యుండాలి. ఈ లక్క మన ఇరుగుపొరుగు సరుకే. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే గూడది. జార్ఖండ్ దీనికి పెట్టింది పేరు, రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924 నుంచే లక్క పరిశోధన సంస్థ ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్ర మీద నిగనిగలాడే రంగు పూసేదీ లక్కతోనే. లక్క పాలిష్‌కి ఒక బలహీనత, వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. ఒక బలం, పాడైన చోటే మళ్లీ రుద్దితే కలిసిపోతుంది. మెలమైన్ గీసుకుపోతే అలా అతకదు, పలకంతా గీకాలి. అందుకే హాల్లో చూపుకి లక్క, భోజనాల బల్లకి మెలమైన్ అంటాను.

కొత్త సామానులో ఈ ఊరికి సహజమైనది ఉక్కు. 1925 ప్రాంతంలో జర్మనీలో మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేస్తే ప్రపంచం దాన్ని ఆధునికం అంది. గోద్రెజ్ ఉక్కు బీరువాలు మొదలుపెట్టింది 1923లో. ఉక్కు గొట్టాలు చేసిన ఇండియన్ ట్యూబ్ కంపెనీ ఉండేది జంషెడ్‌పూర్‌లోనే. గొట్టాల చట్రానికి టేకు పలకో పేము అల్లికో వేయించుకున్న కుర్చీ పాతకీ కొత్తకీ మధ్య చక్కటి రాజీ. తుప్పు కనిపిస్తే గీకి రంగేస్తే సరి. వంటింట్లో మాత్రం ప్లైవుడ్డే తీసుకోండి, దాని మీద ఐఎస్ 710 గుర్తు ఉందో లేదో చూడండి. నీళ్లకు తట్టుకునే రకం అది.

ఇంటికి నప్పడమంటే సగం రంగు, సగం టేపు. తలుపు వెడల్పు, మెట్ల మలుపు, కప్పు ఎత్తు ముందు కొలవండి. పందిరిమంచం విప్పితే గదిలోకి వస్తుంది, కానీ పైన ఫ్యాను రెక్కలకు దూరం చాలాలి కదా. సుద్దతో నేల మీద సోఫా కొలత గీసి, చుట్టూ రెండున్నర అడుగుల దారి మిగులుతుందేమో నడిచి చూడండి. చిన్న హాల్లో నల్లటి చెక్క ఒక్కటే చాలు. భోషాణం ఉంటే దాన్నే టీవీ బల్లగా వాడండి, మిగతావి సన్నకాళ్లవి పెట్టండి. గది నిండా చెక్కిన చెక్క పెడితే ఇల్లు మ్యూజియం గోడౌనులా ఉంటుంది.

అమెరికాలో ఉన్న అమ్మాయి ఆ భోషాణం పంపమంటే తొందరపడకండి. నూరేళ్లు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. వయసు అంత లేదనుకుంటే భారత పురావస్తు సర్వేక్షణ వారికి చూపించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవాలి. చెక్క ఏమిటో కూడా తేల్చుకోండి. జిట్రేగి, సిస్సూ లాంటి రోజ్‌వుడ్ జాతులకు 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నిబంధనలు విడిగా ఉన్నాయి. టేకుకు ఆ బెడద లేదు.