కారవాన్ బ్యాటరీకి చిన్న సోలార్ పలక: దాని మేలు, దాని హద్దు

'కార్‌వాన్' ఫార్సీ పదం. బిడారు అని దాని అర్థం. గోల్కొండ దారిలో వర్తకుల బిడారులు విడిది చేసిన హైదరాబాదు పేటకు కార్వాన్ అనే పేరే స్థిరపడింది. ఒంటెలు, ఎడ్లు పోయి ఇంజన్లు వచ్చినా పదం మాత్రం మిగిలింది. పడకలు, వంటగట్టు, ఫ్యాను, దీపాలు అమర్చిన ప్రయాణ వాహనాన్ని నేడు కారవాన్ అంటున్నాము. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. సొంత వ్యానుకే ఇటువంటి అమరికలు చేయించుకునే కుటుంబాలూ ఉన్నాయి. అట్టివారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. నెలల తరబడి నిలిపి ఉంచిన వాహనం, తీరా పిల్లాపాపలతో బయలుదేరే వేళకు బ్యాటరీ నీరసించి కదలనంటుంది.

ఇందుకు కారణమేమిటి? తాళం వేసిన వాహనం కూడా పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం వంటివి కొద్దికొద్దిగా విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి. ఆ వాడకం కేవలం 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాము. రోజుకు 0.72 ఆంపియర్ అవర్, నెలకు సుమారు 22 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. దీనికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత శక్తిని కోల్పోతుంది; ఎండలు ముదిరేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. అడుగున సన్నని చిల్లి ఉన్న కుండ వంటిదే ఈ స్థితి. ఖాళీ అయిన సీసపు బ్యాటరీని అలాగే వదిలివేస్తే లోపలి పలకలపై లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తరువాత ఎంత ఛార్జ్ చేసినా పూర్వపు సామర్థ్యం తిరిగి రాదు. పనిచేయడం వల్లనే కాదు, ఊరక నిలిచి ఉండడం వల్ల కూడా బ్యాటరీ చెడిపోతుందని గ్రహించాలి.

కుండలో సన్నని ధార పడుతూ ఉంటే చాలు, అది వట్టిపోదు. 20 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో సుమారు ఒక ఆంపియర్ ఇస్తుంది. రోజుకు నాలుగు గంటల నిండు ఎండ లభించినా నాలుగు ఆంపియర్ అవర్లు. దుమ్ము, వేడిమి వల్ల అందులో సగం పోయినా, పైన చెప్పిన వాడకానికి రెండింతలకు మించి మిగులుతుంది.

అయితే పలకను నేరుగా బ్యాటరీకి కలిపి విడిచిపెట్టరాదు. 12 వోల్టుల పలక అని అమ్మేది కూడా ఎండలో 20 వోల్టులు దాటి చూపగలదు. అందుచేత నడుమ ఛార్జ్ కంట్రోలర్ ఉండాలి. అది అతిగా ఛార్జ్ కాకుండా కాపాడుతుంది. రాత్రివేళ విద్యుత్తు వెనుకకు పోకుండా ఆపుతుంది. కంట్రోలర్‌కు మొదట బ్యాటరీని, పిదప పలకను కలపాలి. విడదీసేటప్పుడు ముందుగా పలకను తీయాలి. బ్యాటరీ ధన తీగకు, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు వేయించాలి. లిథియం బ్యాటరీ అయితే దానికి తగిన కంట్రోలర్ కావాలి. కారవాన్‌లో సాధారణంగా ఇంజనుకు ఒకటి, దీపాలకు, ఫ్యానుకు ఒకటిగా రెండు బ్యాటరీలు ఉంటాయి. ఏ బ్యాటరీకి కలిపితే పలక దానినే నింపుతుంది. రెండూ నిండాలంటే రెండింటికీ ఛార్జ్ పంపే కంట్రోలర్ కొనాలి.

చెట్టు నీడలోనో, రేకుల షెడ్డులోనో వాహనాన్ని నిలిపితే పలక ఉండీ ప్రయోజనం లేదు. పలకలో ఒక మూల నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గిపోతుంది. వారానికొకసారి తడిగుడ్డతో దుమ్ము తుడవాలి. తెల్లవారుజామున, పలకపై ఎండ పడకముందే మల్టీమీటర్‌తో చూస్తే సీసపు బ్యాటరీ అసలు స్థితి తెలుస్తుంది. 12.6 వోల్టులు, అంతకు పైన ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.2 వోల్టులకు దిగితే సుమారు సగం ఖాళీ అయినట్లు.

ఇక ప్రయాణంలో బస చేసేటప్పటి లెక్క వేరు. 15 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలకు 120 వాట్ అవర్లు. ఐదేసి వాట్ల రెండు దీపాలు నాలుగు గంటలకు 40. నాలుగు సెల్‌ఫోన్లకు సుమారు 60. వెరసి 220 వాట్ అవర్లు. 20 వాట్ల పలక రోజంతా శ్రమించినా 80కి మించడం కష్టం. బసకు కనీసం 100 వాట్ల పలక అవసరం. ఏసీ అయితే ఆ పలకకు కూడా అందదు. దానికి గంటకే వేయి వాట్ అవర్ల వరకు కావచ్చు.

ఈ హద్దును మరచినప్పుడే ప్రాణాపాయం పొంచి ఉంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు మరణించి కనిపించారు. జనరేటర్ నుండి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రిస్తున్న మనిషిని మేల్కొలపదు. కనుక నిలిపిన వాహనంలో జనరేటర్‌నుగానీ ఇంజనునుగానీ నడుపుతూ నిద్రించరాదు. బొగ్గుల కుంపటి లోపల పెట్టరాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పక అమర్చుకోవాలి.

పాఠకులకు మేము చెప్పదలచినది ఇదే: పలక కొనడానికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని రాత్రి వాడకాన్ని కాగితంపై లెక్క వేయండి. ఆ లెక్కకు సరిపడే పలకను తీసుకోండి. లేదా పలకకు సరిపడేటట్లు వాడకాన్ని తగ్గించుకోండి. ఉక్కపోత భరించలేని రాత్రి గది అద్దెకు తీసుకోవడమే క్షేమం.