విరిగిన ఎముక – వీరుని కోరిక

సైన్యంలో పనిచేయుచున్న ఇరువది నాలుగేండ్ల యువకుడొకడు సెలవుపై వచ్చి, తల్లితో కలిసి నా వద్దకు వచ్చినాడు. రెండేండ్ల క్రితం ఫుట్‌బాల్ ఆటలో అతని మోకాలి క్రింది పెద్ద ఎముక విరిగినది. శస్త్రచికిత్స చేసి స్టీలు ప్లేటు బిగించినారు. ఎముక అతికినది. ఆరు వారాల క్రితం ప్లేటును కూడ తొలగించినారు.

“తాతగారూ, పారా స్పెషల్ ఫోర్సెస్‌కు వచ్చే నెలలోనే పేరు ఇవ్వాలనుకుంటున్నాను. పరుగులో నొప్పి తెలియకుండా తైలమేదైనా ఇప్పించండి” అన్నాడు.

“ప్లేటు కూడా తీసేశారు కదండీ, ఇంక భయమేముంది?” అన్నది తల్లి.

ఈ ప్రశ్న అనేక గృహాలలో వినిపించునదే. అందుచేత నా సమాధానాన్ని పాఠకులందరికీ విన్నవించుచున్నాను.

నా పొరపాటు

సుమారు ముప్పది ఏండ్ల క్రితం ఇట్లే ప్లేటు తీయించుకొన్న యువకుడొకడు పోలీసు ఎంపిక పరుగుకు సిద్ధమగుచు నా సలహా కోరినాడు. నడక చూచితిని, ఎముక వెంబడి నొక్కి చూచితిని. నొప్పి లేదు, వాపు లేదు. “పరుగెత్తు నాయనా” అన్నాను. మూడవనాటి సాధనలోనే ఎముక మరల విరిగినది. ఆ తప్పు నాదే. అతికిన ఎముక వేరు, భారమునకు సిద్ధమైన ఎముక వేరు అను సత్యాన్ని నాకు నేర్పినది ఆ సంఘటనే.

దీనికి కారణమేమి? ప్లేటు ఉన్నంతకాలము భారంలో కొంత లోహమే మోయును. అందువలన దాని క్రింది ఎముక కొంత బలహీనమగును. మరలు తీసిన తరువాత రంధ్రాలు మిగులును. అవి పూడి, ఎముక తన బలము తాను పొందుటకు కొన్ని నెలలు పట్టును. మొదటి మూడు నాలుగు మాసాలు మిక్కిలి జాగ్రత్తగా ఉండవలెను. పైన చర్మము మానినంత మాత్రాన లోపల పని పూర్తి అయినట్లు కాదు.

ఆ దళాల పరీక్ష ఎట్టిది?

సైన్యంలో ఆరోగ్యస్థాయిని ‘షేప్’ అను పద్ధతిలో నిర్ణయింతురు. మనస్సు, వినికిడి, కాలుసేతులు, శారీరక సామర్థ్యము, చూపు అను ఐదింటిని పరిశీలించి అంకె వేయుదురు. అన్నియు సరిగా ఉన్నవాడు షేప్-1. గాయపడిన సైనికుని స్థాయి తాత్కాలికంగా తగ్గును. వైద్యమండలి మరల పరీక్షించి అంగీకరించిన పిమ్మటనే అది తిరిగి పెరుగును. పారా దళాలకు స్వచ్ఛందంగా పేరు ఇచ్చువానికి పూర్ణారోగ్యము అవసరము.

ఆ తరువాత నెలల తరబడి సాగు పరీక్షాకాలము. బరువు మోయుచు దీర్ఘ ప్రయాణాలు, నిద్రలేమి, నిరంతర శ్రమ. ఆగ్రాలోని శిక్షణాలయంలో పారాచూట్‌తో దుముకుట వేరుగా నేర్పుదురు. గుండ్రని పారాచూట్‌తో నేలను తాకినపుడు కాళ్ళపై పడు దెబ్బ, సుమారు నిలువెత్తు గోడ మీదినుండి దూకినంత ఉండును. నొప్పిని తైలంతో కప్పిపుచ్చినవానిని ఆ దెబ్బ క్షమించదు. అతడు పడిపోయినచో తోటివారే మోయవలెను.

శుశ్రుతుడు చూపిన మార్గము

శుశ్రుత సంహిత చికిత్సాస్థానం మూడవ అధ్యాయము భగ్నచికిత్సను గూర్చినది. బాగుగా అతికినదానికి అందు చెప్పిన లక్షణాలు నాలుగు: స్థానము తప్పకుండుట, అవయవము కురుచ కాకుండుట, వాపు లేకుండుట, కదలిక సుఖంగా ఉండుట. అతుకు కుదుటపడుటకు బాల్యంలో ఒక మాసము పట్టినచో, నడివయస్సులో రెండు, వార్ధక్యంలో మూడు మాసాలు పట్టునని చెప్పినాడు. భగ్నరోగి ఉప్పు, కారము, క్షారము, పులుపు, ఎండ, వ్యాయామము, రూక్షాన్నము వర్జించవలెననియు చెప్పినాడు.

అరచేయి విరిగినవానికి ఆయన చెప్పిన సాధన నన్ను ఎప్పుడును ఆశ్చర్యపరచును. మొదట మట్టిముద్ద పట్టించవలెను. తరువాత ఉప్పుగల్లు. చేతికి బలము వచ్చిన పిమ్మట రాయి. క్రమముగా భారము పెంచవలెనన్న నేటి వ్యాయామ చికిత్సా సూత్రము ఇదియే. వ్యాయామము బలంలో సగమునకే పరిమితము కావలెననియు ఆయన బోధ.

ఆ యువకునికి నేను చెప్పిన క్రమము ఇది. ప్రతి మెట్టుకును శస్త్రవైద్యుని అనుమతి, అవసరమైనచో ఎక్స్‌రే తప్పనిసరి.

1. మట్టి: చదునైన నేలపై కుంటకుండ అరగంట నడక.
2. ఉప్పు: వేగపు నడక, మెట్లెక్కుట, గాయపడిన కాలిపై ఒంటికాలి నిలుపు. రెండు తొడల చుట్టుకొలతను టేపుతో పోల్చి చూడుడు. తేడా ఉన్నచో కండరము ఇంకను తిరిగి రాలేదని గ్రహించవలెను.
3. రాయి: మెత్తని మట్టినేలపై రోజు విడిచి రోజు చిన్న పరుగు. పిమ్మట స్వల్పంగా బరువు. దూకుట అన్నిటికంటె చివర.

మరునాటి ఉదయము నొప్పిగాని, వాపుగాని కనిపించినచో ఒక మెట్టు వెనుకకు రావలెను.

ఆహారము, గృహౌషధాలు

పాలు, నెయ్యి, మినుములతో చేసిన సున్నుండలు, నువ్వులు, రాగి జావ, మునగాకు మంచివి. మాంసాహారులకు మాంసరసము హితకరము. లేత నల్లేరు కాడలను చేతికి నూనె రాసుకొని ఈనె తీసి, నేతిలో బాగుగా వేయించి పచ్చడి చేయవచ్చును. పచ్చి కాడ నోరు దురద పెట్టును. పుండు పూర్తిగా మానిన పిమ్మట, ఎముక మీద ఒత్తిడి లేకుండ, గోరువెచ్చని నువ్వులనూనెతో తొడ, పిక్క మర్దన చేయవచ్చును. ఇవి ఎముకకు సాయపడునవే గాని, కాలమునకు ప్రత్యామ్నాయములు కావు.

పేరు, దినుసులు తెలియని ‘బలవర్ధక’ చూర్ణాలు వాడవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్ముట కలదు. ఏ మందు వాడినను సైనిక వైద్యునికి చెప్పవలెను.

ఇంకను సైన్యంలో చేరనివారికి ఒక మాట. శరీరంలో ప్లేటు ఉండగా ప్రవేశార్హత సాధారణంగా లభించదు. శస్త్రచికిత్సను దాచవద్దు, దాగదు. శిక్షణ కేంద్రాలకు ధనము వెచ్చించుటకు ముందే అర్హత తెలిసికొనుడు.

దాచకుండ గెలిచినవాడు

1971 యుద్ధంలో గూర్ఖా దళాధికారి ఇయాన్ కార్డోజో మందుపాతరపై కాలుమోపినాడు. ఛిద్రమైన కాలిని తన ఖుక్రీతో తానే ఖండించుకొన్నాడు. కృత్రిమ పాదంతో పరీక్షలకు నిలిచి, యుద్ధంలో అంగవైకల్యము పొందియు పదాతి బెటాలియన్‌కు నాయకత్వము వహించిన తొలి భారతీయాధికారి అయినాడు. ఆయన గాయము అందరికీ తెలిసినదే. సామర్థ్యమే దానికి సమాధానము చెప్పినది.

ఇది విని యువకుడు చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే వచ్చే ఏడాది ఇస్తాను తాతగారూ” అన్నాడు. అతనికి నేను తైలమిచ్చితిని. నొప్పి తెలియకుండుటకు కాదు, రాత్రివేళ పిక్క మర్దనకు.