పికప్ బండి: పాత పంపు ఇంజనా, కొత్త ఎలక్ట్రానిక్ ఇంజనా?

మదనపల్లె ప్రాంతమున టమాటా పండించు రైతునకు ఇంజను లోపలి సంగతులు ఎందుకని కొందరు అడుగవచ్చును. సాయంత్రము కోసిన కాయ తెల్లవారుసరికి మార్కెటు చేరవలెను. బండి దారిలో ఆగి, ఎండ ఎక్కిన తరువాత లోడు చేరినచో, అప్పటికి కొనువారు తగ్గుదురు, కాయ మెత్తబడును. మెకానికునకు ఇచ్చిన రూపాయలు ఆ రోజు నష్టములో చిన్న భాగమే. ఆకుకూర, పూలు, పాలు తోలు రైతులందరికిని ఇదే పరిస్థితి.

పికప్ కొనదలచిన రైతులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. పది పదిహేనేండ్ల నాటి మెకానికల్ పంపు బండిని తక్కువ ధరకు తీసికొనుట మేలా, అప్పు చేసియైనను కొత్త ఎలక్ట్రానిక్ ఇంజను బండిని తెచ్చుకొనుట మేలా అని. పాత బండిని ఊరిలోని మెకానికు బాగుచేయునని ఒకరందురు. కొత్త బండి తక్కువ డీజిలు త్రాగి ఎక్కువ బరువు లాగునని మరొకరందురు. ఇద్దరు చెప్పునదియు నిజమే. మీ పనికి ఎవరి మాట సరిపడునో తెలియవలెనన్నచో ముందుగా ఈ రెండు ఇంజనులకు గల తేడా తెలిసికొనవలెను.

తేడా ఎక్కడ ఉన్నది?

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినప్పుడు అది మిక్కిలి వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి డీజిలును మంచువలె చిమ్మినచో అదియే అంటుకొనును. ఇంతవరకు పాత ఇంజనుకును కొత్త ఇంజనుకును భేదము లేదు. డీజిలును కొలిచి, సమయమునకు చిమ్మునది ఎవరన్న దానిలోనే భేదమంతయు ఉన్నది.

మీరు పురుగుమందు కొట్టు స్ప్రేయరును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నాజిల్ అరిగినచో మందు పొగమంచువలె పడక చుక్కలుగా కారును. మందు ఎక్కువ పోవును, పురుగు చావదు. ఇంజనులో కూడ అంతే. సన్నగా చిమ్మిన డీజిలు పూర్తిగా మండును. చుక్కలుగా పడినది సగము మండి, మిగిలినది నల్లపొగయై సైలెన్సరు గుండా పోవును.

పాత ఇంజనులో ఈ పని అంతయు పంపుదే. ఇంజను తిరుగుచుండగా పంపులోని ప్లంజరు డీజిలును నెట్టును. పైపులోని ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు సుమారు 200 కిలోలకు చేరగానే నాజిల్ స్ప్రింగు లేచి డీజిలు లోపలికి చిమ్మబడును. వేగము మించకుండ పట్టి ఉంచునది గవర్నరు. దానిలో తిరుగు బరువులు, స్ప్రింగులు తప్ప మరేమియు లేవు. ఒకసారి స్టార్టయిన తరువాత, ఆపుటకు ఉన్న సోలినాయిడు తప్ప, ఈ ఏర్పాటునకు కరెంటుతో దాదాపు పనిలేదు. 1951లో స్థాపించిన మైకో కంపెనీ పేరు మీదనే మన మెకానికులు ఇటువంటి పంపును ఈనాటికిని మైకో పంపు అని పిలుచుచున్నారు.

కొత్త ఇంజనులో పంపునకు ఒత్తిడి పుట్టించుట ఒక్కటే పని. ఆ డీజిలు కామన్ రైలు అను గట్టి గొట్టములో 1,600 కిలోల వరకు, కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడిలో నిలువ ఉండును. ఏ ఇంజెక్టరు ఎప్పుడు తెరువవలెనో, ఎంతసేపు తెరిచి ఉంచవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించి కరెంటు ద్వారా తెరిపించును. ఇంజను వేగము, నీటి వేడి, రైలు ఒత్తిడి, యాక్సిలరేటరు ఎంత తొక్కినారన్నది, వీటినన్నిటిని సెన్సార్లు దానికి తెలుపుచుండును. ఒకే ఘాతమునకు బదులు ముందు కొంచెము, తరువాత అసలు మోతాదు చిమ్ముటవలన చప్పుడు తగ్గును. ఒత్తిడి ఎక్కువగుటచే డీజిలు మిక్కిలి సన్నగా చీలి బాగుగా మండును. కార్లలో ఈ పద్ధతి 1997లో వచ్చినది. మన దేశమందంతటను బి.ఎస్.4 నిబంధనలు 2017 ఏప్రిల్ 1 నుండి, బి.ఎస్.6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుండి అమలయినవి. వీటి మూలమున పికప్ బండ్లలో కూడ పాత పంపు తొలగిపోయినది. 50 గుర్రపు శక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి వచ్చిన కొత్త నిబంధనలతో అక్కడను ఇదే మార్పు వచ్చుచున్నది.

బండి ఏ రకమో కాగితములోని సంవత్సరమును బట్టి నిశ్చయింపరాదు. బానెట్టు ఎత్తి చూడుడు. పంపు నుండి ఒక్కొక్క సిలిండరునకు విడివిడిగా ఇనుప పైపు పోవుచు, నాజిళ్లకు కరెంటు వైరు లేకున్నచో అది పాత రకము. పైపులన్నియు ఒకే లావు గొట్టము నుండి బయలుదేరి, ప్రతి ఇంజెక్టరు నెత్తిన వైరు ప్లగ్గు ఉన్నచో అది కొత్త రకము.

చెడిపోవు తీరు

ధర కంటె, మైలేజి కంటె రైతు ముందు చూడవలసినది ఇది. పాత ఇంజను సాధారణముగా నెమ్మదిగా చెడును. ఉదయము స్టార్టు కష్టమగును, పొగ పెరుగును, ఎక్కుడు రోడ్డున బలము తగ్గును. ఈ సూచనలు కనిపించిన తరువాత కూడ కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు బండి నడుచును. పంట అయిపోయిన తరువాత తీరికగా పంపు విప్పించుకొనవచ్చును. ఎలక్ట్రానిక్ ఇంజను నిన్నటివరకు చక్కగా నడిచి, నేడు ఒక చిన్న సెన్సారు చెడినందున ఆగిపోవచ్చును. లేదా తన్ను తాను కాపాడుకొనుటకై బలము తగ్గించుకొని, లోడుతో నత్తనడక నడువవచ్చును. అయితే తప్పు ఎక్కడ ఉన్నదో కోడు రూపమున అదియే వ్రాసి ఉంచుకొనును. స్కానరు ఉన్న మెకానికు అర గంటలో కనిపెట్టగలడు. స్కానరు లేని మెకానికు ఒక్కొక్క భాగమును మార్చి చూచును, ఆ ఖర్చు మీది.

పాత బండిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. అది ఎన్నడును మోసము చేయదని పొగడువారు, అర్ధరాత్రి రోడ్డు ప్రక్కన ఎన్నిసార్లు ఎయిర్ తీసినారో మాత్రము చెప్పరు.

లెక్క వేసి చూడుడు

ఉదాహరణకు పాత బండి లీటరునకు 11 కిలోమీటర్లు, కొత్తది 13 కిలోమీటర్లు ఇచ్చుననుకొందము. డీజిలు లీటరు 95 రూపాయలనుకొందము. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగు రైతునకు కొత్త బండిలో సుమారు 140 లీటర్లు, అనగా 13,300 రూపాయలు మిగులును. కొత్త బండి అప్పు మీది వడ్డీ ముందు ఇది చాల స్వల్పము. ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరుగువారికి సుమారు 560 లీటర్లు, 53,000 రూపాయలకు పైగా మిగులును. ఇది ఆలోచింపదగిన మొత్తము. ఈ అంకెల స్థానమున మీ బండి మైలేజి, మీ ఊరి డీజిలు ధర వేసి మీరే లెక్క చూచుకొనుడు. అమ్మువాడు చెప్పు మైలేజిని మాత్రము నమ్మవద్దు. ట్యాంకు నిండుగా పోయించి, లోడుతో 100 కిలోమీటర్లు నడిపి, మరల నిండుగా పోయించినచో నిజము తెలియును.

మా అభిప్రాయము ఇది. ఊరి చుట్టు ముప్పది నలువది కిలోమీటర్ల లోపల, సీజనులో మాత్రమే తిరుగువారికి, పంపు మంచి స్థితిలో ఉన్న పాత బండి చాలును. ప్రతి దినము దూరపు మార్కెట్లకు లోడు తోలువారికి, ఇతరుల సరుకు కూడ కిరాయికి వేసికొనువారికి కొత్త బండి మేలు. అయితే స్కానరు, తెలిసిన మెకానికు ఉన్న షాపు దగ్గరి పట్టణములోనైనను ఉండవలెను. బేరమునకు ముందే ఆ షాపునకు పోయి ఒక ఇంజెక్టరు ధర ఎంత అని అడుగుడు. ఆ జవాబు విని మనసు మార్చుకొన్నవారు కలరు.

పాత బండిని పరీక్షించు విధము

తెల్లవారుజామున, ముందుగా చెప్పకుండ వెళ్లుడు. ఇంజను మీద చేయి వేసి చూడుడు. వెచ్చగా ఉన్నచో, మీరు వచ్చుటకు ముందే స్టార్టు చేసి ఉంచినారన్నమాట. చల్లని ఇంజను రెండు మూడు తిప్పులలో స్టార్టు కావలెను. నల్లపొగ విడువకున్నచో డీజిలు ఎక్కువగుటయో గాలి చాలకుండుటయో కారణము. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడ ఆగకున్నచో నాజిళ్లు గాని, హెడ్డు గాస్కెట్టు గాని చెడి ఉండవచ్చును. ఇంజను నడుచుచుండగా ఆయిలు మూత తీసినప్పుడు గుప్పుగుప్పున పొగ కొట్టినచో రింగులు అరిగినవి. ఆయిలు పుల్ల తీసి చూడుడు. మట్టము పైకి పెరిగి డీజిలు వాసన కొట్టినచో డీజిలు ఎక్కడనో లోపలికి కారుచున్నది. అట్టి బండి జోలికి పోవద్దు.

పంపు మీది సీలు వైరు తెగి ఉన్నదేమో చూడుడు. బలము పెంచుటకు స్క్రూ త్రిప్పించుట కొందరికి అలవాటు. కొన్నాళ్లు బండి ఎగిరినట్లు పోవును. తరువాత వేడి తట్టుకొనలేక పిస్టన్లు, హెడ్డు దెబ్బతినును. పంపును చెవితో విని కట్టుట ఎంతటి మేస్త్రీకైనను తగదు. కాలిబ్రేషన్ బెంచి మీద ఎక్కించి, సిలిండర్లన్నింటికి సమానముగా డీజిలు పోవుచున్నదా అని కొలిపించవలెను. అట్టి షాపులు తగ్గిపోవుచున్న మాట వాస్తవము.

కొత్త బండిని పాడుచేయునవి

మొదటి శత్రువు నీరు. ఇంజెక్టరు లోపలి భాగముల మధ్య సందు రెండు మూడు మైక్రానులే. తల వెంట్రుక లావు సుమారు 60, 70 మైక్రానులు. నీటి బొట్టు, సన్నని దుమ్ము పాత పంపునకును హాని చేయును. కొత్తదానిని కొద్ది రోజులలోనే తినివేయును. చేనిలో డ్రమ్ములలో డీజిలు నిలువ చేయువారు ఆ డీజిలును కొత్త బండికి పోయకుండుటయే మంచిది. తప్పనిసరియైనచో డ్రమ్మును కదపక ఒక రోజు ఉంచి, అడుగు నాలుగు వ్రేళ్ల మట్టము వదలి, పైది వడపోసి వాడవలెను. ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు తీసివేయవలెను. కిరసనాయిలు కలుపరాదు. పంపునకు, ఇంజెక్టర్లకు జిడ్డునిచ్చునది డీజిలే కావున అవి ఎండి అరిగిపోవును.

రెండవది ఎలుక. ధాన్యము, గడ్డి ఉన్న కొట్టములో బండి నిలిపినచో అది వైర్లు కొరుకును. ఒక్క వైరు తెగినను ఇంజను స్టార్టు కాకపోవచ్చును. మూడవది వెల్డింగు. తొట్టికి, ప్రక్కలకు వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ వైరును, కంప్యూటరు ప్లగ్గును తప్పక తీయించుడు. ఎర్తు క్లిప్పును అతుకు దగ్గరనే పెట్టించుడు.

బి.ఎస్.6 బండ్లలో పెక్కింటికి సైలెన్సరు దారిలో మసిని పట్టు ఫిల్టరు ఉండును. మసి నిండినప్పుడు ఇంజను పొగ వేడిని సుమారు 600 డిగ్రీల వరకు పెంచి ఆ మసిని కాల్చివేయును. దీనికి కొంతసేపు ఆగకుండ, మంచి వేగముతో నడువవలెను. ఇంటి నుండి చేనికి, చేని నుండి ఇంటికి మాత్రమే తిరుగు బండిలో ఈ పని పూర్తికాక ఫిల్టరు పూడిపోవును. చిన్న దూరములకు పాత బండి చాలునని పైన చెప్పుటకు ఇది ఇంకొక కారణము. మసి కాలుచుండగా బండిని వరిగడ్డి మీద గాని, ఎండిన మొక్కజొన్న చొప్ప మీద గాని నిలుపవద్దు. నిప్పంటుకొనును.

కొన్ని బండ్లలో డి.ఇ.ఎఫ్. అను ద్రవమును వేరే ట్యాంకులో పోయవలెను. అది నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా కలిసిన నీరు. యూరియా ఇంట ఉన్నది గదా అని నీటిలో కలిపి పోయు ఆలోచన రైతునకు రావచ్చును. అట్లు ఎన్నటికిని చేయరాదు. ఎరువు యూరియాకు వేపనూనె పూత ఉన్నది, ఇతర మాలిన్యములును ఉండును. అవి ఆ ఏర్పాటునంతను పాడుచేయును. ద్రవము అయిపోయినచో ఇంజను బలము తగ్గును. కొన్ని బండ్లు ఆపిన తరువాత మరల స్టార్టు కావు.

ఇంకొక ముఖ్య విషయము. ఏ సిలిండరు పనిచేయుట లేదో తెలిసికొనుటకు, ఇంజను నడుచుచుండగానే నాజిల్ పైపుల నట్టు ఒక్కొక్కటిగా వదులు చేయుట పాత మెకానికుల పద్ధతి. కామన్ రైలు ఇంజనులో ఈ పని చేయరాదు, చేయనీయరాదు. ఆ ఒత్తిడితో వెలువడు డీజిలు ధార చర్మమును చీల్చి లోపలికి పోవును. పైకి చిన్న సూది పోటువలె కనబడును, నొప్పియు మొదట అంతగా ఉండదు. అట్లు జరిగినచో తెల్లవారనిమ్మని ఇంట ఉండక, వెంటనే పెద్ద ఆసుపత్రికి పోయి డీజిలు చర్మములోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. ఆలస్యమైనచో వ్రేలు, చేయి పోవచ్చును. పాత నాజిల్ ధారకును ఈ శక్తి కలదు. కావున విప్పిన నాజిల్‌ను పరీక్షించునప్పుడు దాని ముందు చేయి పెట్టవద్దు.

కాగితముల సంగతి. కిరాయి రిజిస్ట్రేషను గల బండికి ఎనిమిదేండ్ల వరకు రెండేండ్లకొకసారి, ఆ తరువాత ఏటేటా ఫిట్నెస్ చేయించవలెను. 2022 ఏప్రిల్ నుండి పదిహేనేండ్లు దాటిన బండ్లకు రుసుములు బాగుగా పెంచినారు. పదునాలుగేండ్ల బండిని చవుకగా కొనువారు, వచ్చు ఏడు కట్టవలసిన సొమ్ము ఎంతయో రవాణా శాఖ కార్యాలయమున విచారించి, ఆ మొత్తమును బేరములో తగ్గించి అడుగవలెను.