మానేసిన మూడో రోజు...

2015 సెప్టెంబరు. కల్తీ కల్లుపై ఎక్సైజ్ దాడులు పెరిగాయి. కల్లులో కలిపే ‘మందు’ తగ్గింది. అంతే... మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులు కిటకిటలాడాయి. ఫిట్స్, వణుకు, పొంతనలేని మాటలు. కొందరిని మంచాలకు కట్టేయాల్సి వచ్చింది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకూ తీసుకొచ్చారు. వాళ్లకలా అయింది తాగి కాదు, తాగక!

తప్పు చెట్టు కల్లుది కాదు. అందులో కలిపిన ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్‌లది. ఇవి మెదడును జోకొడతాయి. ఏళ్లతరబడి వాటికి అలవాటుపడ్డ మెదడు, ఒక్కసారిగా అందకపోతే అదుపు తప్పుతుంది.

రోజూ పూటుగా మద్యం తాగేవాళ్లకూ ఇదే ముప్పు. మానేసిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా రెండు రోజుల్లోపే. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఒంటిమీద పురుగులు పాకుతున్నట్టు, ఎవరో పిలుస్తున్నట్టు భ్రాంతి. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించేవాళ్లున్నారు. ‘ఎలా మానడో చూద్దాం’ అని గదిలో పెట్టి తాళం వేసేవాళ్లూ ఉన్నారు. కోఠిలోనైనా, కోస్గిలోనైనా ఈ మొండి వైద్యం ఒకటే. ప్రాణం మీదికి తెస్తుంది.

డాక్టర్లు చేసేది వేరు. అదే కోవ మాత్రల్ని లెక్కగా ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తారు. మద్యం బాధితులకైతే బి1 విటమిన్ కూడా ఇస్తారు. వణుకు తగ్గడంతో పని అయిపోదు, మళ్లీ సీసా ముట్టకుండా ఉండటమే కష్టం. కౌన్సెలింగ్ కావాలి. తోడూ కావాలి. 1935లో అమెరికాలో తాగుడు మానాలనుకున్న ఓ స్టాక్ బ్రోకరు, ఓ సర్జన్ కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టింది ఆ తోడు కోసమే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. కుటుంబ సభ్యులకు అల్-అనాన్ వేరే ఉంది.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446.