పాత ట్రాక్టరు కొనుగోలుకు ముందు ఇంజిన్ స్థితి పరిశీలన

కొత్త ట్రాక్టరు ధరను భరించలేని రైతులు పాత ట్రాక్టర్ల వైపు మొగ్గు చూపుతారు. బేరం సమయంలో రంగు, టైర్లు, తయారైన సంవత్సరం మీదనే దృష్టి నిలుస్తుంది. ఇంజిన్ లోపలి అరుగుదల కంటికి కనిపించదు. లైనర్లు, పిస్టన్ రింగులు అరిగిన ట్రాక్టరు సరిగ్గా దమ్ము రోజుల్లో షెడ్డుకు చేరితే, కొనుగోలులో మిగిలిన సొమ్ము మరమ్మతుకే పోతుంది. అదును కూడా తప్పుతుంది. ఇంజిన్ స్థితిని అంచనా వేయడానికి ఖరీదైన పరికరాల కంటే సరైన పరిశీలనా క్రమం ముఖ్యం.

చల్లని ఇంజిన్‌తో ఆరంభం

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులో గాలి అధిక ఒత్తిడికి గురైనప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. రింగులు, లైనర్లు, వాల్వులు అరిగితే ఆ ఒత్తిడి తగ్గి, చల్లని ఇంజిన్ కష్టంగా స్టార్టవుతుంది. వేడెక్కిన తరువాత ఈ లోపం కొంతవరకు మరుగునపడుతుంది. కావున రైతు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉన్నట్లయితే, పరిశీలనను మరునాటి ఉదయానికి వాయిదా వేయాలి.

స్టార్టు చేయకముందే డిప్‌స్టిక్‌తో ఆయిల్‌ను చూడాలి. ఆయిల్ నల్లబడటం డీజిల్ ఇంజిన్‌లో సహజమే. పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్లు. పలుచబడి డీజిల్ వాసన వస్తే ఇంధనం కలిసినట్లు గ్రహించాలి. రేడియేటర్ నీటిపై నూనె తెట్టు కనిపిస్తే హెడ్ గాస్కెట్ వంటి లోపాన్ని అనుమానించాలి. ఎయిర్ క్లీనర్ నుండి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం లోపల దుమ్ము ఉంటే, రింగులు, లైనర్లు త్వరగా అరిగి ఉండే అవకాశం ఉంది.

పొగ తెలిపే విషయాలు

స్టార్టు చేసిన వెంటనే కొద్దిగా పొగ రావడం సాధారణం. వేడెక్కిన తరువాత కూడా కొనసాగే పొగను గమనించాలి. నల్లపొగకు గాలి చాలకపోవడం, ఇంజెక్టర్ల లోపం లేదా అధిక భారం కారణం. నీలిపొగ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. తెల్లపొగ ఇంధనం పూర్తిగా మండకపోవడాన్ని గాని, సిలిండరులోకి నీరు చేరడాన్ని గాని సూచిస్తుంది.

బ్రీదర్ గొట్టం నుండి పొగ ఉధృతంగా వస్తే, మండిన వాయువులు రింగులను దాటి క్రిందికి జారుతున్నట్లు భావించాలి. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత, తక్కువ వేగంలో ఆయిల్ ప్రెషర్ పడిపోతే బేరింగుల అరుగుదలను అనుమానించాలి.

భారం మీద పరీక్ష

నిలబెట్టి నడిపిన ఇంజిన్ తన బలహీనతను పూర్తిగా బయటపెట్టదు. కనీసం అరగంటసేపు నాగలి లేదా రోటవేటర్‌తో పొలంలో నడిపించి శక్తి, పొగ, ఉష్ణోగ్రత, ఆయిల్ ప్రెషర్ గమనించాలి. గంటల మీటరు అంకె ఒక్కదానినే నమ్మరాదు. మీటరు చెడిపోయి ఉండవచ్చు లేదా మార్చబడి ఉండవచ్చు. క్లచ్, బ్రేకు పెడళ్ల అరుగుదలతో దానిని పోల్చి చూడాలి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోవాలి. రుణం ఉన్నట్లయితే అది తీరినట్లు పత్రం తీసుకోవాలి.

నిర్ణయం

ప్రతి లోపం కారణంగా ట్రాక్టరును తిరస్కరించనవసరం లేదు. ఎయిర్ క్లీనర్, ఇంజెక్టర్ల లోపాలను సరిచేయించవచ్చు. ఆ ఖర్చును ధరలో తగ్గించుకోవచ్చు. నీలిపొగ, బ్రీదర్ పొగ, తక్కువ ఆయిల్ ప్రెషర్ కలిసి కనిపిస్తే ఇంజిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయవలసిన స్థితిగా పరిగణించాలి. ఈ తేడాను విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామస్థాయి శిక్షణలలో, నడుస్తున్న ట్రాక్టరుపైనే రైతులకు చూపడం ప్రయోజనకరం.