చిల్లర లెక్క... చిన్న లెక్క కాదు!

లెక్కల్లో నూటికి తొంభై తెచ్చుకునే పిల్లలు కూడా వంద నోటు పట్టుకుని కొట్టుకు వెళ్తే ఎంత చిల్లర రావాలో తెలియక తెల్లమొహం వేస్తున్నారు. ఎక్కాలు వచ్చు, కూడికలు వచ్చు, తీసివేతలూ వచ్చు. డబ్బు లెక్క మాత్రం రాదు. తప్పు వాళ్లది కాదు. మనం లెక్కలు నేర్పాం కానీ, డబ్బు చేతికివ్వలేదు!

ఆదివారం పొద్దున్నే ఓ ఇంట్లో...

'కన్నా, కొట్టుకెళ్లి పాల ప్యాకెట్టు, బ్రెడ్డు పట్టుకురా' అంటూ అమ్మ మూడో తరగతి కొడుకు చేతిలో వంద నోటు పెట్టింది. పాలు 33 రూపాయలు, బ్రెడ్డు 30. వాడు పరుగున వెళ్లి తెచ్చాడు.

'ఎంతయిందిరా?'

'తెలీదు.'

'చిల్లర లెక్క చూసుకున్నావా?'

'అంకుల్ ఇచ్చాడు... తీసుకున్నా.'

అమ్మ చూస్తే 27 రూపాయలే ఉన్నాయి. పది రూపాయలు తక్కువ. కొట్టతను కావాలని ఇవ్వలేదో, హడావుడిలో పొరబడ్డాడో! విచిత్రం ఏంటంటే, ముందురోజే వాడి నోటు పుస్తకంలో వందలోంచి 63 తీసివేత ఉంది. జవాబు 37 అని రాసి టీచరుతో 'వెరీగుడ్' కూడా వేయించుకున్నాడు!

ఇలాంటివి మన ఇళ్లలో కొత్తకాదు. ఒకప్పుడు పిల్లలు రోజుకు నాలుగుసార్లు కొట్టుకు వెళ్లేవాళ్లు. పావలాకు ఎన్ని బిళ్లలు వస్తాయో, అర్ధరూపాయికి ఎన్ని వస్తాయో ఎవరూ చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు సరుకులు ఇంటికే వస్తున్నాయి. నాన్న ఫోను చూపిస్తే 'టింగ్' మంటుంది, పని అయిపోతుంది. మధ్యలో నోటూ లేదు, చిల్లరా లేదు. మరి పిల్లలకు లెక్క ఎక్కడ తెలుస్తుంది?

బజారు లెక్క వేరు... బడి లెక్క వేరు!

బ్రెజిల్‌లో రెసిఫె అనే నగరం ఉంది. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్ముకునే పిల్లల్ని కొందరు పరిశోధకులు గమనించారు. ముందు కొనడానికి వచ్చినట్టే వెళ్లి బేరంలో లెక్కలు అడిగారు. నూటికి 98 జవాబులు సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా ఇస్తే... సరైన జవాబులు నూటికి 37కు పడిపోయాయి! ఒక్కో కాయ 35 చొప్పున పది కాయలు ఎంతని అడిగితే 12 ఏళ్ల పిల్లాడు పక్కన సున్నా చేర్చలేదు. మూడు కాయలకు 105, ఇంకో మూడు కలిపితే 210... ఇలా కూడుకుంటూ పోయి 350 అని చెప్పాడు. ఈ పరిశోధన 1985లో అచ్చయింది.

మన దేశంలోనూ ఇలాంటి పరిశీలన జరిగింది. నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరికొందరితో కలిసి కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లల్ని పరీక్షించారు. 2025లో 'నేచర్' పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. బజారు పిల్లలు బేరాల్లో పెద్ద పెద్ద లెక్కలు నోటితోనే చేసేశారు, బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. దగ్గర్లోని బడి పిల్లల సంగతి అచ్చం తలకిందులు. పుస్తకం లెక్కలు చేశారు కానీ, బజారు పిల్లల్లో మూడోవంతుకు పైగా చేసిన ఒక లెక్కను వీళ్లలో నూటికి ఒక్కరే చేయగలిగారు!

అలాగని పిల్లల్ని బజార్లో పనికి పెట్టమని కాదు. రెండు లెక్కలూ ఒకటేనని వాళ్లకు తెలిసేలా చేస్తే చాలు. బజారును కాస్త బడిలోకి, బడిని కాస్త బజార్లోకి తీసుకెళ్లాలి. ఆ పని ఇంట్లో వాళ్లే బాగా చేయగలరు.

అది అప్పు కాదు... చిల్లర!

తీసివేత అనగానే మనం చెప్పే మాట ఒకటుంది- 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో' అని. ఎందుకు తెచ్చుకోవాలో, తెచ్చుకున్నది మళ్లీ ఎప్పుడు తీర్చాలో పిల్లలకు అర్థం కాదు. వందలో 63 తీయాలంటే మరీ చిక్కు. పక్కింట్లోనూ సున్నాయే కదా!

ఇదే లెక్కను నోట్లతో చూపించండి. ఒక వంద నోటు ఇచ్చి, అందులోంచి 63 రూపాయలు ఇవ్వమనండి. ఇవ్వలేరు. అప్పుడు వందకు పది పదులు మార్చివ్వండి. అందులో ఒక పదికి పది రూపాయి బిళ్లలు ఇవ్వండి. ఇప్పుడు చేతిలో తొమ్మిది పదులు, పది రూపాయి బిళ్లలు. ఆరు పదులు, మూడు బిళ్లలు తీస్తే మూడు పదులు, ఏడు బిళ్లలు మిగులుతాయి. అంతే... 37! పక్కింటి అప్పంటే నిజానికి చిల్లర మార్చడమేనని వాళ్లకే తెలిసిపోతుంది. ఒకట్లు, పదులు, వందల స్థానాలూ ఒక్క దెబ్బకు అర్థమవుతాయి.

కొట్టువాళ్లు చేసే పద్ధతి ఇంకా తేలిక. వాళ్లు తీసివేయరు, పైకి కూడుకుంటూ పోతారు. 63కు రెండు కలిపితే 65, ఐదు కలిపితే 70, ముప్ఫై కలిపితే వంద. ఇచ్చిన రెండు, ఐదు, ముప్ఫై కలిపితే 37. కాగితం, పెన్సిలు అక్కర్లేని ఈ కిటుకు రెండో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు.

ఏ తరగతికి ఎంత?

అన్నీ ఒకేసారి నేర్పేయాలని చూస్తే పిల్లలకు డబ్బంటేనే విసుగొస్తుంది. వయసును బట్టి వెళ్లాలి.

ఒకటి, రెండు తరగతులు: నాణేలు, నోట్లు గుర్తుపట్టడం. బిళ్ల పెద్దదైతే విలువ ఎక్కువని చిన్నపిల్లలు అనుకుంటారు. నాలుగు రూపాయి బిళ్లలకన్నా ఒక్క ఐదు రూపాయల బిళ్ల ఎక్కువని వెంటనే నమ్మరు. పది రూపాయల్ని ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చో పేర్చి చూపించమనండి. మంచి ఆట.

మూడు, నాలుగు: రెండు మూడు వస్తువుల ధర కూడటం, చిల్లర చూసుకోవడం. రైతుబజారుకు వెంట తీసుకెళ్లండి. అక్కడ ధరల బోర్డు ఉంటుంది. టమోటాలు కిలో 40 అయితే అరకిలో ఎంత, పావుకిలో ఎంత, ముప్పావుకు ఎంత? భిన్నాలు భయపెట్టకుండా సంచిలోకి వచ్చేస్తాయి.

ఐదు: దశాంశాలు, పోలికలు. మూడున్నర రూపాయల్ని 3.5 అని రాస్తే చాలామంది పిల్లలు 'మూడు రూపాయల ఐదు పైసలు' అని చదువుతారు. 3.50 అని పక్కన రాసి చూపిస్తే తేడా తెలుస్తుంది. పెద్ద ప్యాకెట్టు చవకా, చిన్న ప్యాకెట్టు చవకా అన్నది కూడా వాళ్లనే తేల్చమనండి. వంద గ్రాములు 20, రెండొందల యాభై గ్రాములు 55 అయితే పెద్దది కొన్నవాళ్లే ఐదు రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టు!

కనిపించని డబ్బు

2016లో యూపీఐ వచ్చాక నోట్లు చూడకుండానే పెద్దవాళ్లకు వారాలు గడిచిపోతున్నాయి. ఇక పిల్లలకు డబ్బంటే ఫోన్లో ఊరే నీళ్లలాంటిదే. 'డబ్బుల్లేవు' అంటే 'ఫోనుందిగా!' అంటారు.

ఫోను మానేయలేం కానీ, రెండు పనులు చేయొచ్చు. వారంలో ఒక్క కొనుగోలైనా నగదుతో పిల్లల చేత చేయించడం ఒకటి. ఫోన్లో చెల్లించినప్పుడు బ్యాంకు నుంచి వచ్చే సందేశాన్ని వాళ్లతో చదివించడం రెండోది. ఇంతకుముందు ఎంత ఉంది, ఎంత పోయింది, ఎంత మిగిలింది? ఓ చిన్న పుస్తకంలో రాయిస్తే అదే తీసివేతల అభ్యాసం.

ముంతలో డబ్బు ఎవరిది?

పండక్కి తాతయ్య వంద ఇస్తాడు, అత్తయ్య యాభై ఇస్తుంది. 'నా దగ్గర దాస్తాలే' అని అమ్మ తీసుకుంటుంది. ఆ డబ్బు మళ్లీ కనిపించదు! నెలాఖరులో పాలవాడికి చిల్లర కావాలన్నా పిల్లల హుండీయే దిక్కు. మనకిది నవ్వులాట. వాళ్లకు మాత్రం అది మొదటి బాకీ. దాచుకున్నది దక్కదని ఒకసారి అనిపిస్తే ఇక దాచరు, చేతికి రాగానే ఖర్చుపెట్టేస్తారు.

తీసుకుంటే తప్పులేదు. అడిగి తీసుకోండి, ఎంతో రాసిపెట్టండి, చెప్పిన రోజుకు తిరిగివ్వండి. అప్పంటే ఏమిటో, మాట నిలబెట్టుకోవడం అంటే ఏమిటో ఇంతకన్నా మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకదు.

పాకెట్ మనీ ఎంతివ్వాలన్నది ఇంటి తాహతును బట్టి. పదైనా చాలు. కాకపోతే ప్రతివారం ఒకే రోజున ఇవ్వాలి, మధ్యలో అయిపోతే మళ్లీ ఇవ్వకూడదు. మంగళవారమే అంతా తినేసినవాడికి శనివారం దాకా ఖాళీ జేబు నేర్పే పాఠాన్ని మన ఉపన్యాసాలు నేర్పలేవు.

డబ్బుకు ఇబ్బందిగా ఉన్న నెలలో దాచిపెట్టనక్కర్లేదు. కసురుకోనూ వద్దు. 'ఈ నెల ఫీజు కట్టాలి, బ్యాటు వచ్చే నెల చూద్దాం' అని చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. చెప్పకపోతే అమ్మానాన్నలకు తనమీద ప్రేమ లేదనుకుంటారు.

'రూపాయి వడ్డీ' కథ

'రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం' అన్న మాట పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. ఐదో తరగతికి వచ్చేసరికి దీని లెక్క చెప్పేయొచ్చు. నూటికి నెలకు రెండు రూపాయలు. అంటే ఏడాదికి 24. పదివేలు తెస్తే నెలకు 200, ఏడాదికి 2,400. అదే పదివేలు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తే ఏడాదికి నాలుగు శాతం చొప్పున వచ్చేది 400. ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి చూపించండి. 'రెండు రూపాయలే కదా' అన్న మాటలో ఎంత బరువుందో పదేళ్లకే తెలిసిన పిల్లలు రేపు పెద్దయ్యాక సంతకం పెట్టేముందు ఒక్క నిమిషం ఆగుతారు.

పదేళ్లు నిండినవాళ్లు పోస్టాఫీసులో తమ పేరిట పొదుపు ఖాతా తెరవొచ్చు. పాస్‌బుక్కులో తన పేరు చూసుకున్న రోజున ఆ మొహం చూడాలి!

పిల్లలకు చెప్పండి...

* 'పదహారణాల తెలుగు' అంటాం కదా... ఒకప్పుడు రూపాయికి 16 అణాలు. పదహారు అణాలూ ఉంటే నిండు రూపాయన్నమాట. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. రూపాయికి వంద పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది.

* పావలా, అంతకన్నా చిన్న నాణేల చలామణీ 2011 జూన్ 30తో ఆగిపోయింది. 'పావలా' మాట మాత్రం మిగిలింది.

* నోటు వెనక 15 భాషల్లో విలువ రాసి ఉంటుంది. తెలుగు కింది నుంచి రెండో వరుస. వెతకమనండి.

* కొత్త 50 నోటు మీద హంపి రథం, 200 మీద సాంచి స్తూపం, 500 మీద ఎర్రకోట ఉంటాయి.

* పది రూపాయల నాణెం చెల్లదని కొందరంటారు. అన్ని రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టంగా చెప్పింది.

ఇంతకీ మన మూడో తరగతి పిల్లాడు ఏం చేశాడు? అమ్మ వాణ్ని తిట్టలేదు, తను వెళ్లి అడగనూ లేదు. బల్లమీద నోట్లు పరచి ఎంత రావాలో వాడితోనే చెప్పించి, మళ్లీ వాణ్నే పంపింది. వాడు వెళ్లి 'అంకుల్, 63 అయింది. వందిచ్చా. 27 ఇచ్చారు, ఇంకో పది రావాలి' అన్నాడు. కొట్టతను ఒక్క క్షణం లెక్క చూసుకుని పది నోటు తీసిచ్చాడు. వచ్చింది పది రూపాయలే. కానీ వాడు ఇంటికి వచ్చిన నడక చూస్తే లాటరీ తగిలినట్టే ఉంది!

వచ్చే ఆదివారం మీ ఇంట్లో కొట్టుకు ఎవరు వెళ్తున్నారు?