రేడియో పాట నుంచి కథ దాకా

మన ఇళ్లలో పుస్తకాల బీరువా లేకపోయినా రేడియో ఉండేది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, రేడియోలో రఫీ, లతా. 1957లో మొదలైన వివిధ్ భారతిలో శ్రోతలు కోరిన పాటల ప్రోగ్రాం పేరు ‘మన్ చాహే గీత్’. మన పక్క జిల్లా కావలి రచయిత మహమ్మద్ ఖదీర్‌బాబు హిందీ సినిమా పాటల మీద రాసిన తెలుగు పుస్తకానికీ అదే పేరు! ముస్లిం ఇంటి బాల్యాన్ని ‘దర్గామిట్ట కతలు’గా చెప్పిందీ ఆయనే.

ఈ రెండూ వేర్వేరు పనులని నాకనిపించదు. పాటకు దొరికేది మూడు నాలుగు నిమిషాలే. ఎదురుచూపు, అలక, ఎడబాటు అంతలోనే పట్టాలి. చిన్న కథకూ అంతే ఇరుకు. పాటలు విని పెరిగిన చెవికి ఏ మాట దగ్గర ఆగాలో తెలిసిపోతుంది.

తిరుపతి, చిత్తూరులో మన పిల్లలు చాలామందికి ఉర్దూ మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. తెలుగులో రాస్తే ఇంటి మాట పోతుందేమోనని జంకు. ఆ కథలు చదివితే జంకు పోతుంది. అమ్మీ వంట చేస్తూ ఏ పాట తీస్తుందో, ఏ చరణం దగ్గర ఆపేస్తుందో, అక్కణ్ణుంచే మొదలుపెట్టి చూడండి.